తోడబుట్టినోళ్ళు ఎక్కడ?
విడిపోయిన అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని కలిపే పని గురించి

తుళ్లూరు మాలపల్లెలో ఒక ముసలమ్మను మేము అడిగిన ప్రశ్న చాలా మామూలుది. "అమ్మమ్మా, నీ కూతురికి పిల్లలెంతమంది?" అన్నాం. ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది. "ముగ్గురయ్యా. పెద్దోడు హాస్టల్లో ఉన్నాడు. నడిపిది మేనత్త దగ్గిరుంది. చిన్నోణ్ణి ఆశ్రమంలో ఏశారు." ముగ్గురూ కలిసి ఒకచోట చివరిసారి ఎప్పుడున్నారు అని అడిగాం. "ఆళ్ళమ్మ పోయిననాడు" అంది.

ఈ కథలో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. హాస్టలు వార్డెను సీటిచ్చాడు. మేనత్త తన పిల్లలతో పాటు ఇంకో పిల్లకి కూడు పెడుతోంది. ఆశ్రమం వాళ్ళు చిన్నోణ్ణి బడికి పంపుతున్నారు. అందరూ మంచే చేశారు. అయినా తల్లి పోయిన ముగ్గురు పిల్లలు ఆ తర్వాత ఒకరికొకరు కూడా లేకుండా పోయారు. దీన్ని ఏమని పిలవాలి? పశ్చిమ దేశాల్లో దీనికి 'ఫోస్టర్ కేర్‌లో తోబుట్టువుల ఎడబాటు' అని పేరుంది. ఆ ఎడబాటును పూడ్చటానికి సంస్థలు పెట్టినవాళ్ళు ఉన్నారు. మన దగ్గర మాత్రం దీనికి పేరే లేదు. పేరు లేని బాధ కాగితం మీదికి ఎక్కదు.

పల్లెలో పిల్లలు ఎట్లా చెదిరిపోతారు?

పత్తి, మిరప పండే నల్లరేగడి నేలల్లో మన జనానికి భూమి తక్కువ, కూలి ఎక్కువ. పత్తి తీతలకూ మిరపకాయ కోతలకూ ఇంటిల్లిపాదీ పోతే తప్ప పొయ్యి వెలగని బతుకులు. తుళ్లూరు చుట్టుపక్కల ఊళ్ళలో 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగాక ఇంకో మార్పు వచ్చింది. భూమి ఉన్నవాళ్ళకు ప్లాట్లు, కౌలు అన్నారు. భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. పొలంతో పాటు పోయిన కూలిపని మాత్రం ఆ పింఛనుతో తిరిగిరాలేదు. ఊళ్ళో చేసే పనికి ఊరు దాటి పోవలసి వచ్చింది. అటువంటి ఇంట్లో తల్లో తండ్రో పోతే, లేదా మంచానపడితే, పిల్లలందర్నీ ఒకే చుట్టం సాకలేదు. తలా ఒకర్ని పంచుకుంటారు. ఆస్తి ఉన్నవాళ్ళు పొలం పంచుకున్నట్టు మనవాళ్ళు పిల్లల్ని పంచుకుంటారు.

హాస్టలు సంగతి వేరుగా చెప్పాలి. హాస్టళ్ళు లేకపోతే ఈ వ్యాసం రాయటానికి మేము ఉండేవాళ్ళం కాదు. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి తరం మాదే. కానీ మగపిల్లలకొక హాస్టలు, ఆడపిల్లలకొక హాస్టలు, అవి రెండూ చాలాసార్లు రెండు ఊళ్ళు. మేము ఒక ఊళ్ళో ఉంటే మా చెల్లెలు ఇంకో ఊళ్ళో ఉండేది. సంక్రాంతికీ వేసవికీ మాత్రమే కలిసేవాళ్ళం. ఆమె ఎప్పుడు పెద్దమనిషి అయిందో, ఎప్పుడు లెక్కల్లో తప్పి ఏడ్చిందో మాకు తెలీదు. మేము నింపిన దరఖాస్తులో కులం రాశాం, నాన్న పేరు రాశాం, ఆదాయం రాశాం. "నీ తోబుట్టువులు ఎక్కడ చదువుతున్నారు?" అని ఎవరూ అడిగినట్టు గుర్తులేదు. తల్లిదండ్రులున్న మాకే అట్లా ఉంటే, సెలవులకు పోవటానికి ఇల్లే లేని పిల్లల మాట ఏమిటి?

విడదీయటం ఒకప్పుడు చట్టమే

బీదరికం వల్ల జరిగే ఎడబాటు ఒకటి. ప్రభుత్వమే పూనుకొని చేసిన ఎడబాటు ఇంకొకటి. మన జిల్లాకు రెండోదీ కొత్త కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1897లో చేసిన సవరణ, 1911 నాటి కొత్త చట్టం, ఆ కులాల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక సంస్థల్లో పెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చాయి. ఆ చట్టం కిందనే కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలోనూ ఎరుకల కుటుంబాల్ని సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్‌మెంట్లలో ఉంచారు. సీతానగరం తుళ్లూరికి దూరమేమీ కాదు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. దాని వెనకున్న ఆలోచన ఏమిటంటే, ఫలానా కులంలో పుట్టిన పిల్ల బాగుపడాలంటే ముందు తనవాళ్ళకు దూరం కావాలి అని.

సరిగ్గా ఇదే ఆలోచన ఆస్ట్రేలియాలో ఆదివాసుల మీద నడిచింది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1915లో చేసిన సవరణతో కోర్టు ఉత్తర్వు లేకుండానే పిల్లల్ని తీసుకుపోయే అధికారం సంరక్షణ బోర్డుకు వచ్చింది. తీసుకుపోయిన పిల్లల్ని ఎట్లా సర్దేవాళ్ళో చూడండి. పసిపిల్లలు బోమడెర్రీ హోముకు, ఆడపిల్లలు కూటముండ్రాకు, మగపిల్లలు కించెలాకు. అంటే ఒక తల్లి పిల్లలు మూడు చోట్లకు పోవచ్చు. వయసు, ఆడ, మగ అనే గడుల్లో పిల్లల్ని వేస్తూ పోతే తోబుట్టువులనే బంధం ఏ గడిలోనూ పట్టదు. 1910 నుంచి 1970 దాకా ప్రతి పదిమంది ఆదివాసీ పిల్లల్లో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా ఇట్లా బలవంతంగా తీసుకుపోబడ్డారని 1997లో అక్కడి మానవ హక్కుల కమిషను నివేదిక చెప్పింది. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

కలిపేవాళ్ళు ఎవరు?

అయితే ప్రభుత్వం క్షమాపణ చెప్పేదాకా బాధితులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కూటముండ్రా హోములో పెరిగిన కోరల్ ఎడ్వర్డ్స్, చరిత్రకారుడు పీటర్ రీడ్ కలిసి 1980లో 'లింక్-అప్' అనే సంస్థ పెట్టారు. ఏ బోర్డు కాగితాలు పిల్లల్ని విడదీశాయో ఆ కాగితాల్నే తిరగేసి, ఎవరి అక్క ఎక్కడుందో, ఎవరి తమ్ముడు ఏ పేరుతో బతుకుతున్నాడో వెతకటం వాళ్ళ పని. మొదటిసారి కలవటానికి పోయే మనిషికి తోడుగా సంస్థ మనిషి కూడా పోతాడు. ఎందుకంటే ముప్పై ఏళ్ళ తర్వాత కలిసిన అక్కాతమ్ముళ్ళు సినిమాలో లాగా వెంటనే కౌగిలించుకోరు. కొందరికి కోపం వస్తుంది. కొందరికి మాటే రాదు. కలపటం ఒక రోజు పని కాదనీ, కలిశాక కూడా తోడు నిలవాలనీ వాళ్ళు అనుభవంలో నేర్చుకున్నారు.

అమెరికాలో లిన్ ప్రైస్ కూడా ఫోస్టర్ కేర్‌లో పెరిగినావిడే. తనకొక తోబుట్టువు ఉందనే సంగతి ఆమెకు కొన్నేళ్ళు వచ్చాక గాని తెలియలేదు. ఆమె 1995లో 'క్యాంప్ టు బిలాంగ్' మొదలుపెట్టింది. వేరు వేరు ఇళ్ళల్లో పెరుగుతున్న తోబుట్టువుల్ని వేసవిలో కొన్నాళ్ళు ఒకచోట ఉంచే శిబిరం అది. అక్కడ పిల్లలందరికీ కలిపి ఒక పుట్టినరోజు చేస్తారు, విడిగా ఉన్నందువల్ల చేసుకోలేకపోయిన పుట్టినరోజులన్నిటికీ బదులుగా. ఒకరికొకరు దిండ్లు తయారుచేసి ఇచ్చుకుంటారు. చూడటానికి చిన్న పనులే. కానీ తోబుట్టువు అంటే చిన్నప్పటి జ్ఞాపకాల్లో సగం మోసే మనిషి. కలిసి ఉన్న రోజులే లేకపోతే పెద్దయ్యాక రక్తసంబంధం ఉట్టి మాటే.

ఈ ఇద్దరు ఆడవాళ్ళ దగ్గర మనం గమనించాల్సింది ఒకటుంది. ఇద్దరూ విడదీయబడ్డవాళ్ళే. ఆ దెబ్బ తగిలినోళ్ళే ఆ పనికి నాయకులయ్యారు. బాబాసాహెబ్‌ని చదువుకున్న మనకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

చట్టం ఏమంటోంది? మనమేం చెయ్యాలి?

1992లో భారతదేశం ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. 2009లో సమితి సర్వసభ్య సభ ఆమోదించిన మార్గదర్శకాలు తోబుట్టువుల్ని సూత్రరీత్యా విడదీయకూడదనీ, విడదీయక తప్పకపోతే వాళ్ళ మధ్య రాకపోకలు నిలబెట్టాలనీ చెప్పాయి. మన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షను, ఫోస్టర్ కుటుంబంలో పెట్టేటప్పుడు తోబుట్టువుల్ని కలిపి ఉంచటానికి అన్ని ప్రయత్నాలూ చెయ్యాలంటుంది, అది పిల్లల మేలుకు విరుద్ధమైతే తప్ప. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో చుట్టాల దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. తుళ్లూరు ముసలమ్మ లాంటివాళ్ళకు ఈ సాయం అందితే ముగ్గుర్నీ తన దగ్గరే పెట్టుకోగలిగేదేమో. ఆమెకు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు.

కాబట్టి టీచర్లకీ, విద్యార్థి సంఘాలకీ, పల్లెల్లో పనిచేసే కార్యకర్తలకీ మేము చెప్పేది ఇది. దిక్కులేని పిల్ల కనపడినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న "నీతో పాటు ఇంకా ఎవరున్నారు?" అనేది. ఆ జవాబు జిల్లా బాలల సంక్షేమ కమిటీ కాగితంలోకి ఎక్కాలి. పిల్లల్ని కమిటీ ముందుకు తీసుకుపోయే హక్కు సామాజిక కార్యకర్తకూ, మామూలు పౌరుడికీ కూడా చట్టం ఇచ్చింది. 1098కి ఫోన్ చేసే హక్కూ అందరికీ ఉంది. హాస్టలు అడ్మిషన్లప్పుడు అన్నాచెల్లెళ్ళకు కనీసం ఒకే ఊళ్ళో సీట్లు అడగాలి. అది కుదరకపోతే నెలకొక ఆదివారం ఒకరి దగ్గరికి ఒకరు పోయే బస్సు చార్జీలు అడగాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కలిపి ఉంచటమంటే పదేళ్ళ అక్క మీద తల్లి బరువంతా వేసి బడి మానిపించటం కాదు. మన పల్లెల్లో ఆడపిల్లకు అదే జరుగుతోంది. అక్క అక్కగా ఉండాలి, ఇంటి చాకిరీకి దొరికిన మనిషిగా కాదు. అట్లాగే ఒక తోబుట్టువు వల్ల ఇంకొకరికి హాని ఉంటే విడిగా ఉంచటమే మేలు. చట్టంలో ఆ మినహాయింపు ఉన్నది అందుకే.

మేము తిరిగి వస్తుంటే ఆ ముసలమ్మ ఆశ్రమం పేరు రాసిన కాగితం ముక్క ఒకటి మా చేతిలో పెట్టింది. "చిన్నోడు అక్కని మర్చిపోతాడేమో నాయనా, ఒకసారి చూపించండి" అంది. ఆమె అడిగిందే 44వ సెక్షన్లో రాసి ఉంది. ఆ కాగితాన్నీ ఈ సెక్షన్నీ ఒకచోటికి చేర్చాల్సింది మనమే.