గురక తగ్గించే నాలుక, గొంతు వ్యాయామాలు: ఎంతవరకు పనిచేస్తాయి?

ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా గాలి వెళ్ళే మార్గాన్ని గత విభాగంలో చదివారు. ఆ మార్గంలో స్వరపేటికకు, వాయునాళానికి మృదులాస్థి ఆధారం ఉంది. మెత్తని అంగిలి వెనుక నుంచి స్వరపేటిక పైభాగం వరకు ఉన్న గ్రసనికి మాత్రం అటువంటి గట్టి చట్రం లేదు. దాన్ని తెరిచి ఉంచేవి కండరాలే. మింగడానికి, మాట్లాడడానికి ఈ మెత్తదనం అవసరమే, కానీ నిద్రలో అదే చిక్కు తెస్తుంది.

మెలకువలో నాలుకను ముందుకు పట్టి ఉంచే జీనియోగ్లాసస్ కండరం నిద్రలో సడలుతుంది. మెడ చుట్టూ కొవ్వు పెరిగినవారిలో, టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నవారిలో, కింది దవడ చిన్నదైనవారిలో దారి ముందే ఇరుకు. ఇరుకు దారిలో గాలి వేగంగా పోతూ మెత్తని అంగిలిని, కొండనాలుకను అదిలిస్తే వచ్చే శబ్దమే గురక. దారి పూర్తిగా మూసుకుపోయి కనీసం 10 సెకన్ల పాటు గాలి ఆడకపోతే అది ఆప్నియా. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు క్షణకాలం మేల్కొంటుంది, మనిషి ఒక్కసారిగా గుర్రుమని ఊపిరి తీసుకుని మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. తెల్లవారితే అతనికి ఇదేమీ గుర్తుండదు. పక్కన పడుకున్నవారికే తెలుస్తుంది.

ఊపిరి పూర్తిగా ఆగిన సందర్భాలను, బాగా తగ్గిన సందర్భాలను కలిపి గంటకు ఎన్ని అని లెక్కిస్తారు. పెద్దవారిలో ఈ సూచిక 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యమం, 30 దాటితే తీవ్రం. ఈ అంకెలను గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ అవసరపడతాయి.

వ్యాయామాలు

సమస్య కండరాల సడలింపే అయితే వాటికి కసరత్తు చేయిస్తే సరిపోదా? ఈ ప్రశ్నను బ్రెజిల్‌లోని సావో పాలో పరిశోధకులు పరీక్షకు పెట్టారు. 2009లో వెలువడిన వారి అధ్యయనంలో మధ్యమస్థాయి ఆప్నియా ఉన్న 31 మంది పాల్గొన్నారు. ఒక వర్గం 3 నెలలు రోజుకు సుమారు అరగంట వ్యాయామాలు చేసింది, రెండో వర్గం దీర్ఘశ్వాస సాధన చేసింది.

అందులో ముఖ్యమైనవి ఇవి. నాలుక కొనను పై పళ్ళ వెనుక అంగిలికి ఆనించి, అలాగే వెనక్కి జారుస్తూ పోవాలి. తర్వాత నాలుక మొత్తాన్ని అంగిలికి అతికించినట్టు పైకి పీల్చి గట్టిగా నొక్కాలి. ఆపైన కొనను కింది పళ్ళకు తాకించి ఉంచి, నాలుక వెనుక భాగాన్ని కిందికి అదమాలి. అద్దం ముందు నోరు తెరిచి 'ఆ' అంటూ కొండనాలుకను పైకి లేపడం ఇంకొకటి. మొదట్లో అది లేవదు. కొన్నాళ్ళకు పట్టు చిక్కుతుంది. చూపుడువేలు బుగ్గ లోపల పెట్టి బయటికి నెడుతూ, బుగ్గతో వేలిని లోపలికి నొక్కడం మరొకటి. భోజనంలో రెండు దవడలతోనూ మార్చి మార్చి నమలడం కూడా సాధనలో భాగమే.

'ట', 'ణ', 'ళ' పలికేటప్పుడు మన నాలుక ఎలాగూ వెనక్కి మడుస్తుంది కదా, వర్ణమాల చదివితే చాలదా అని విద్యార్థులు నన్ను అడిగేవారు. చాలదు. మాటలో నాలుక అంగిలిని తాకి వదిలేస్తుంది. వ్యాయామంలో ఎదురొత్తిడి మీద బలం పెట్టాలి, పదేపదే పెట్టాలి.

ఇదే కోవలో 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్విట్జర్లాండ్ అధ్యయనం ఒకటుంది. 25 మందిలో కొందరికి ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాద్యమైన డిడ్జెరిడూ 4 నెలలు నేర్పించారు. పాములవాడు నాగస్వరం ఊదేటప్పుడు బుగ్గల్లో గాలి నిలిపి ఊపిరి తెగకుండా చూసుకుంటాడు కదా, ఈ వాద్యానికీ అదే పద్ధతి. నేర్చుకున్నవారిలో పగటి మగత, ఆప్నియా సూచిక రెండూ తగ్గాయి. 2017లో దీనికి సరదా బహుమతిగా పేరుపడ్డ ఇగ్ నోబెల్ దక్కింది. నవ్వు తెప్పించినా, అధ్యయనం పద్ధతి ప్రకారం చేసిందే.

ఫలితాన్ని ఎలా చదవాలి?

బ్రెజిల్ అధ్యయనంలో వ్యాయామం చేసినవారి సగటు సూచిక 22.4 నుంచి 13.7కు దిగింది. మందు లేదు, ఖర్చు లేదు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అయితే పై అంకెలతో పోల్చి చూడండి. 13.7 అంటే మధ్యమం నుంచి స్వల్పానికి రావడం, జబ్బు పోవడం కాదు. పైగా ఈ రెండు అధ్యయనాల్లో ఉన్నవారు మధ్యమస్థాయివారే. తీవ్ర ఆప్నియా ఉన్నవారికి ఈ ఫలితాన్ని అన్వయించకూడదు.

నేను ఈ పొరపాటే చేశాను. రిటైరైన కొత్తలో రెండు నెలలు ఈ సాధన చేస్తే, "ఈమధ్య గురక తగ్గిందండీ" అంది మా ఆవిడ. దాంతో నిద్ర పరీక్షను వాయిదా వేశాను. ఏడాది తర్వాత చేయిస్తే సూచిక 34. శబ్దం తగ్గింది, ఊపిరి ఆగడం తగ్గలేదు. ఆ ఏడాదంతా కారు నడిపాను కూడా. ఇప్పుడు రాత్రి సీప్యాప్ యంత్రం పెట్టుకుంటాను. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ బృందం వెలువరించిన పద్ధతి ఇది. ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. పొద్దున వ్యాయామాలూ మానలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక లారీ డ్రైవరుకు సూచిక 28. మూడు నెలల వ్యాయామం తర్వాత గురక దాదాపు వినిపించడం లేదని ఇంట్లోవారు చెప్పారు. మళ్ళీ పరీక్షిస్తే సూచిక 17. అతను ఇప్పుడు ఏ స్థాయిలో ఉన్నాడు? చికిత్స మానవచ్చా? మీ జవాబుకు కారణాలను ఐదు వాక్యాల్లో రాయండి.