ఆప్తవాక్యమూ అరసంశయమూ

న్యాయదర్శనం తెలుసుకోదగిన పదార్థాలు పదహారని లెక్కించి, వాటిలో సంశయానికి మూడవ స్థానాన్నీ, నిర్ణయానికి తొమ్మిదవ స్థానాన్నీ ఇచ్చింది. సంశయం నుంచి బయలుదేరినవాడు దృష్టాంతం, అవయవం, తర్కం వంటి మెట్లన్నీ ఎక్కితేనే నిర్ణయానికి చేరతాడని ఆ వరుస సూచిస్తుంది. అదే దర్శనం నమ్మదగిన మాటను శబ్దప్రమాణంగా అంగీకరించి, ఆ మాట చెప్పేవాడికి ఆప్తుడని పేరు పెట్టింది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్టే చెప్పగోరేవాడే ఆప్తుడనీ, ఋషి అయినా ఆర్యుడైనా మ్లేచ్ఛుడైనా ఈ లక్షణం ఒక్కటేననీ భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు. తెలుగు వాడుకలో మాత్రం ఆప్తుడంటే కావలసినవాడు, దగ్గరివాడు, ఆపదలో అండగా నిలిచేవాడు. ఒకే మాటలోని ఈ రెండర్థాలూ కలగలిసిపోతే ఏమవుతుందో కోవిడ్ కాలం చూపించింది. మేనమామో వియ్యంకుడో పంపిన వాట్సాప్ సందేశానికి, పంపినవారి మీది ప్రేమ వల్ల, వైద్యశాస్త్రం తెలిసినవాడి మాటకు ఉండవలసిన బరువు వచ్చి చేరింది.

ఒక పెద్ద సంఘటన వెనుక కనిపించే కారణాలను కాదని, బలవంతులైన కొందరు రహస్యంగా పన్నిన పన్నాగమే దానికి మూలమని చెప్పే వాదాన్ని కుట్ర సిద్ధాంతం అంటారు. చరిత్రలో నిజమైన కుట్రలు లేకపోలేదు. అయితే అవి పత్రాలతో, సాక్షులతో బయటపడ్డాయి. కుట్ర సిద్ధాంతానికి సాక్ష్యం లేకపోవడమే కుట్ర ఎంత లోతైనదో చెప్పే సాక్ష్యంగా మారుతుంది. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్‌లో 5జీ తరంగాలే వ్యాధికి కారణమని నమ్మినవారు సెల్ టవర్లకు నిప్పు పెట్టారు. ఏడాది తర్వాత అదే వదంతి భారతదేశానికి చేరి, రెండవ ఉధృతికి 5జీ పరీక్షలే కారణమని ప్రచారమైనప్పుడు, దేశంలో ఎక్కడా ఆ పరీక్షలు మొదలే కాలేదని టెలికాం శాఖ 2021 మే నెలలో ప్రకటించవలసి వచ్చింది. దేశంలో 5జీ సేవలు ఆరంభమైనది 2022 అక్టోబరులో. లేని తరంగాలకు జబ్బును అంటగట్టడంలో కొంత హాస్యం ఉన్నా, ఆ నెలలో నవ్వగలిగే స్థితిలో ఎవరూ లేరు.

టీకాను అనుమానించేవారిని సంశయవాదులని పిలవడం పరిపాటి అయినా, వారిలో చాలామంది విషయంలో ఆ పేరు సరిపోదు. టీకా సీసాను వంద ప్రశ్నలతో ఎదుర్కొన్న వ్యక్తే జింకు, విటమిన్ డి, అశ్వగంధ, పసుపు మాత్రల సీసాలను ఒక్క ప్రశ్నా వేయకుండా ఇంటికి తెచ్చుకుంటే, అతనిలో ఉన్నది సంశయం కాదు, ఒక చోటి నుంచి మరో చోటికి తరలిపోయిన నమ్మకం. పియా లాంబర్టీ, రోలాండ్ ఇమ్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన పరిశోధన ఈ తరలింపునే పరిశీలించింది. అన్నింటి వెనుకా కుట్రను చూసే స్వభావం బలంగా ఉన్నవారు ప్రత్యామ్నాయ వైద్యం వైపు మొగ్గుతారనీ, మందు మీద వారి అభిప్రాయం దాని గుణంకన్నా దాని వెనుక ఉన్నవారి బలాబలాలను బట్టి మారుతుందనీ ఆ అధ్యయనం తేల్చింది. అంటే వారి ప్రశ్న పనిచేస్తుందా అన్నది కాదు, ఎవరిది అన్నది.

ఆ ప్రశ్నకు ఆధారం బొత్తిగా లేదనడం న్యాయం కాదు. 2009లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు ప్రయోగాత్మకంగా వేయించాయి. ఇలాంటి కార్యక్రమమే గుజరాత్‌లోనూ సాగింది. రెండు రాష్ట్రాలలోనూ కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో తేలినా, తల్లిదండ్రులు ఇవ్వవలసిన అనుమతి పత్రాలపై అనేక చోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. అడగకుండా వేసినందువల్ల పోయిన నమ్మకాన్ని టీకా గుణం తిరిగి తీసుకురాలేదు. ఆ ప్రాంతపు గిరిజన కుటుంబం తర్వాతి కాలంలో ఆరోగ్య కార్యకర్తను అనుమానంగా చూస్తే, దానిని అజ్ఞానమని కొట్టిపారేయడం పెద్ద పొరపాటు.

కోవిడ్ కాలంలో ఆధునిక వైద్యమూ తప్పటడుగులు వేసింది. కోలుకున్నవారి రక్తం నుంచి తీసిన ప్లాస్మాను రోగులకు ఎక్కించే చికిత్స కోసం 2020లో కుటుంబాలు దాతలను వెతుక్కుంటూ ఊరూరా తిరిగాయి. అయితే భారత వైద్య పరిశోధన మండలి స్వయంగా 39 ఆసుపత్రులలో 464 మందిపై పరీక్ష జరిపి, ప్లాస్మా వల్ల మరణాలు గానీ వ్యాధి ముదరడం గానీ తగ్గలేదని గ్రహించింది. 2021 మే నెలలో ఆ చికిత్స అధికారిక మార్గదర్శకాల నుంచి తొలగిపోయింది. ఆ తొలగింపు ఆలస్యమైందన్న విమర్శ సమంజసమే. కానీ వైద్యం తన మాటను తానే పరీక్షించి వెనక్కు తీసుకున్న ఉదాహరణగా దానిని చూడవలసినవారు, డాక్టర్లకే ఏమీ తెలియదనడానికి రుజువుగా చూశారు.

సరిగ్గా అదే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం దేశమంతటికీ తెలిసిన పేరైంది. మే 10 రాత్రి తిరుపతిలో ప్రాణవాయువు సరఫరా తగ్గి 11 మంది రోగులు మరణించినట్టు ప్రభుత్వమే ప్రకటించింది. ఆసుపత్రిలో పడక దొరకడమే గగనమైన ఆ రోజుల్లో, పొరుగు జిల్లాలో బొనిగి ఆనందయ్య అనే వ్యక్తి మూలికలు, తేనె, ముళ్లవంకాయ వంటి వాటితో తయారుచేసి ఉచితంగా పంచుతున్న మందు కోసం వేలాది మంది బారులు తీరారు. ఆయుష్ అధికారులు దానిని పరిశీలించి, ఆయుర్వేద ఔషధమని కాక నాటు మందుగా పరిగణించవచ్చని అభిప్రాయపడ్డారు. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వం మే 31న పి, ఎల్, ఎఫ్ అనే మూడు రకాలకు అనుమతినిచ్చింది. వాటివల్ల హాని కనిపించలేదనీ, కోవిడ్ తగ్గుతుందనడానికి మాత్రం ఆధారాలు లేవనీ, డాక్టర్లు రాసిన మందులు మానకూడదనీ చెబుతూ, కంటిలో వేసే చుక్కలకు అనుమతిని నిలిపివేసింది. హాని లేదన్న మొదటి సగం ఊరూరా మారుమోగింది; ఆధారం లేదన్న రెండవ సగం ఎక్కడో జారిపోయింది. ఈ ఉదంతాన్ని లాభాపేక్షతో వివరించడం కుదరదు, ఎందుకంటే మందుకు వెల కట్టలేదు. ప్రాణవాయువు అందని చోట, పిలిచి చేతిలో ఏదో ఒకటి పెట్టే మనిషి దొరికాడు; వరుసలో నిలబడిన జనం వెతుక్కున్నది మందుతోపాటు ఆ పలకరింపును కూడా.

అమెరికాలో కథ ఇందుకు భిన్నం. అక్కడ విటమిన్ల, మూలికల మీది నమ్మకానికి చట్టమే దారి వేసింది. 1994 అక్టోబరులో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన ఆహార పూరకాల చట్టం ప్రకారం, విటమిన్లు, ఖనిజాలు, మూలికల ఉత్పత్తులను మందులుగా కాక ఆహారంలో భాగంగా పరిగణిస్తారు. ఫలితంగా మందుకు అవసరమైన ముందస్తు అనుమతి వీటికి అవసరం లేదు. అమ్మకానికి ముందు ఇది పనిచేస్తుందని కంపెనీ రుజువు చేయనక్కరలేదు. అమ్మిన తర్వాత ఇది ప్రమాదకరమని రుజువు చేసే భారం ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మీద పడుతుంది. చట్టం వచ్చినప్పుడు సుమారు 4,000గా ఉన్న ఉత్పత్తులు 50,000 దాటి 80,000 వరకు పెరిగి ఉండవచ్చని 2019లో ఆ సంస్థ అధిపతే చెప్పాడు. జబ్బును నయం చేస్తుందని సీసా మీద రాయడం నేరం. రోగనిరోధక శక్తికి తోడ్పడుతుందని రాయడం నేరం కాదు. ఆ తోడ్పాటు మాట కిందనే, ఈ వాక్యాన్ని ప్రభుత్వ సంస్థ పరిశీలించలేదని, ఈ ఉత్పత్తి ఏ వ్యాధినీ నయం చేయడానికి ఉద్దేశించినది కాదని సన్నని అక్షరాలతో ఒక ప్రకటన ఉంటుంది. ఈ మాటల నేర్పు తెలుగువారికి కొత్తది కాదు: మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిన కుటుంబం పంచే ఉబ్బసపు చేప మందు, న్యాయస్థానాలలో వాదాలు నడిచిన తర్వాత, చేప ప్రసాదమైంది. ప్రసాదాన్ని పరీక్షించమని ఎవరు అడుగుతారు?

ప్రవాసులకు మరింత దగ్గరి సంగతి ఒకటుంది. బోస్టన్ పరిసరాలలోని దక్షిణాసియా పచారీ దుకాణాలలో దొరికిన 70 ఆయుర్వేద ఉత్పత్తులను రాబర్ట్ సేపర్, ఆయన సహచరులు పరీక్షించి, 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి లేదా కొన్ని ఉన్నాయని 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెల్లడించారు. ఆయుర్వేదాన్ని ఈ లెక్కతో కొట్టివేయడం తొందరపాటే అవుతుంది. రసౌషధాలలో లోహాన్ని శుద్ధి చేసి భస్మంగా మార్చే పద్ధతి శాస్త్రబద్ధంగా జరిగిందా లేదా అన్నది వేరే చర్చ. కానీ కందిపప్పు, చింతపండు పక్కన అరలో కూర్చున్న సీసా మీద ఆ చర్చ జరిగినట్టు గుర్తేమీ ఉండదు. మనవాళ్ల దుకాణంలో దొరికిందన్న ఆత్మీయతే దాని పూచీకత్తు.

పెద్ద కంపెనీల మీది అనుమానంతో ఈ సీసాలను ఆశ్రయించేవారికి ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. సెంట్రమ్ అనే ప్రసిద్ధ విటమిన్ మాత్రల యజమాని చాలాకాలం ఫైజరే. కోవిడ్ టీకా వచ్చిన నాటికి కూడా వాటిని అమ్మే ఉమ్మడి సంస్థలో ఫైజర్‌కు వాటా ఉంది. నేచర్స్ బౌంటీ అనే పేరు వింటే తోట గుర్తుకు రావచ్చు గానీ, 2021లో దానిని కొన్నది నెస్లే. హరిద్వార్‌లోని పతంజలి సంస్థ కోవిడ్ మందంటూ తెచ్చిన కరోనిల్ సంగతి ప్రసిద్ధమే: 2020 జూన్‌లో దానిని విడుదల చేసిన రోజునే ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రచారం ఆపమంది, 2024లో పతంజలి ప్రకటనలపై సుప్రీంకోర్టు ముందు ఆ సంస్థ అధిపతులు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

మరి ఇవి వాడినవారంతా కోలుకున్నామని చెప్పడం అబద్ధమా అంటే, కాదు. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకునేవారు. వారు ఏది తాగితే దానికే ఘనత దక్కింది. ఈ చిక్కును విడదీయడానికే రోగులను చీట్లు వేసినట్టుగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్రమే మందు ఇచ్చి ఫలితాలు పోల్చే పద్ధతి పుట్టింది. క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 214 మంది కోవిడ్ రోగులపై జింకును, విటమిన్ సి‌ని ఈ పద్ధతిలో పరీక్షించి, లక్షణాలు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2021 ఫిబ్రవరిలో ప్రకటించారు. లోపం ఉన్నవారికి విటమిన్ డి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. అయితే లోపాన్ని పూరించడం వేరు, లోపం లేనివారికి కవచం తొడగడం వేరు.

హాని లేకపోతే తప్పేమిటన్న ప్రశ్నకు తిప్పతీగ ఒక జవాబు. పల్లెల్లో కంచెల మీద పాకే ఈ తీగ ఆయుర్వేదంలో గుడూచి లేదా అమృత. కోవిడ్ కాలంలో దాని కషాయం ఇంటింటా కాగింది. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు నివేదించగా, దానిని పోలిన వేరే తీగ వాడి ఉంటారని ఆయుష్ శాఖ ఆక్షేపించింది. మరుసటి ఏడు హైదరాబాదు వైద్యులు సహా దేశంలోని 13 ఆసుపత్రులవారు 43 మంది రోగుల వివరాలు సేకరించి, శరీరపు రక్షణ వ్యవస్థ తన కాలేయాన్నే శత్రువుగా భావించి దాడి చేసే లక్షణాలు చాలామందిలో గుర్తించారు. రోగనిరోధక శక్తిని పెంచమని తాగిన కషాయం కొందరిలో ఆ పనే చేసి ఉండవచ్చునన్నది ఇందులోని వింత. ఇలాంటి రోగులలో అసలు కారణం తెలుసుకోవడానికి వైద్యులకు ముందుగా కావలసింది రోగి నోటి మాట. అమెరికాలో డాక్టరు గది బయట నింపే కాగితంలో, వాడుతున్న మందుల జాబితా కింద పూరకాలకు, మూలికలకు ఒక గడి ఉంటుంది. తెలుగు పెద్దలు చాలామంది దానిని ఖాళీగా వదిలేస్తారు. ఏదో దాచాలని కాదు, పొద్దున్నే తాగే కషాయాన్ని వారు మందుల్లో లెక్కించరు.