భాగం 7: డబ్బింగ్‌లో నిర్బంధం, నిర్ణయం – ‘సైలర్ మూన్’ రెండు ఇంగ్లీషు రూపాలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• జపనీస్ ఆనిమే ధారావాహికను ఇంగ్లీషులోకి డబ్ చేసే పద్ధతిని వివరించగలరు.
• భాష, బొమ్మ విధించే నిర్బంధానికీ, నిర్మాతలు తీసుకొనే నిర్ణయానికీ తేడాను గుర్తించగలరు.
• ఒకే మూలానికి వచ్చిన రెండు డబ్బింగ్‌లను పోల్చి చూడగలరు.

7.1 విషయ పరిచయం

పుస్తకాన్ని అనువదించేటప్పుడు వాక్యం పొడవు పెరిగినా, తగ్గినా పెద్ద ఇబ్బంది లేదు. డబ్బింగ్‌లో అలా కుదరదు. బొమ్మ ముందే తయారై ఉంటుంది, కొత్త మాటే దానికి ఒదగాలి. మూలంతో పోలిస్తే డబ్బింగ్‌లో ఏ మార్పు కనిపించినా “ఏం చేస్తాం, పెదవులు కలవాలి కదా” అని సరిపెట్టుకోవడం పరిపాటి. ఈ సమాధానం ఎంతవరకు నిజమో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

నవోకో తకేవుచి మాంగా ఆధారంగా తోయే యానిమేషన్ సంస్థ నిర్మించిన ‘సైలర్ మూన్’ 1992 మార్చి నుంచి 1997 ఫిబ్రవరి వరకు జపాన్ టెలివిజన్‌లో 200 భాగాలుగా ప్రసారమైంది. చదువులో వెనకబడిన, చీటికిమాటికి ఏడ్చే 14 ఏళ్ల ఉసాగి, మాట్లాడే పిల్లి లూనా వల్ల తనలోని శక్తిని తెలుసుకొని దుష్టశక్తులతో పోరాడడం ఇందులోని కథ. దీనికి ఇంగ్లీషు డబ్బింగ్ రెండుసార్లు జరిగింది. మొదటిది 1995లో డీఐసీ సంస్థ కెనడాలోని టొరంటోలో చేయించి ప్రసారం చేసింది. రెండవది విజ్ మీడియా సంస్థ 2014 నుంచి పూర్తిగా కొత్తగా చేయించింది.

7.2 నిజమైన నిర్బంధాలు

7.2.1 పెదవుల కదలిక: టెలివిజన్ ఆనిమేలో పాత్ర నోటిని సాధారణంగా మూడు బొమ్మలతోనే చూపుతారు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. అందువల్ల ‘ప’, ‘మ’ వంటి అక్షరాల వద్ద పెదవులు కలవాలన్న పట్టింపు నటులు కనిపించే చిత్రాల్లో ఉన్నంతగా ఇక్కడ ఉండదు. నోరు ఎన్నిసార్లు తెరుచుకుంది, ఎప్పుడు ఆగింది అన్నదే లెక్క. రచయిత ఆ లెక్కకు సరిపడే వాక్యం రాస్తాడు. జపాన్‌లో నటీనటులు ఒకే గదిలో కలిసి సంభాషణ చెప్పడం వాడుక. ఇంగ్లీషు డబ్బింగ్‌లో మాత్రం ఎక్కువగా ఒక్కొక్కరు విడివిడిగా, వాక్యం తరువాత వాక్యంగా చెబుతారు.

7.2.2 వాక్య నిర్మాణం: జపనీస్‌లో, తెలుగులో వలెనే, క్రియ వాక్యం చివర వస్తుంది. “ఆ యోధురాలు ఎవరో నేను చెప్పను” అన్న వాక్యంలో చివరి మాట వినేదాకా వక్త చెబుతాడో లేదో తెలియదు. ఇంగ్లీషులో ఆ నిరాకరణ మొదట్లోనే బయటపడుతుంది. పాత్ర నడుమ ఆగి, ముఖం దగ్గరగా చూపిన తరువాత చివరి మాట చెబితే, ఆ ఉత్కంఠను నిలపడానికి ఇంగ్లీషు రచయిత వాక్యాన్నే మార్చాలి. తెలుగులోకి అనువదించేవారికి ఈ చిక్కు చాలావరకు లేదు.

7.2.3 సంబోధనలు: ‘సాన్’, ‘చాన్’, ‘సామా’ వంటి ప్రత్యయాలు గౌరవాన్ని, చనువును తెలుపుతాయి. మన ‘గారు’, ‘నువ్వు’, ‘మీరు’ చేసే పని వంటిదే ఇది. ఇంగ్లీషు వీటిని స్వరంలోనో, మాటల ఎంపికలోనో చూపవలసి ఉంటుంది.

7.3 నిర్బంధం కాని మార్పులు

7.3.1 పేర్లు: ‘ఉసాగి’ అంటే కుందేలు. ఇంటిపేరు ‘త్సుకినో’తో కలిపితే ‘చంద్రుడిలోని కుందేలు’ అన్న శ్లేష ఏర్పడుతుంది. చంద్రబింబంలో కుందేలు ఉందని జపనీయుల నమ్మకం. చంద్రుణ్ణి శశాంకుడని పిలిచే మనకు ఈ శ్లేష ఇట్టే అందుతుంది. 1995 డబ్బింగ్‌లో ఉసాగి ‘సెరీనా’ అయింది, ‘మకోతో’ ‘లీటా’ అయింది. పెదవుల వల్ల ఈ పేర్లు మార్చవలసిన అవసరం లేదు. 2014 డబ్బింగ్ అవే బొమ్మలకు ఉసాగి, మకోతో అన్న పేర్లనే వాడడం దీనికి రుజువు.

7.3.2 మరణం: మొదటి 46 భాగాలు ఇంగ్లీషులో 40 అయ్యాయి. ఐదింటిని వదిలేశారు. చివరి రెండింటిని కుదించి ఒక్కటి చేశారు. మూలంలో ఆ రెండు భాగాల్లో ఉసాగి స్నేహితురాళ్లు నలుగురూ ఒకరి తరువాత ఒకరు ప్రాణాలు కోల్పోతారు, తరువాతే తిరిగి బతుకుతారు. ఇంగ్లీషులో వారు శత్రువుకు బందీలుగా చిక్కినట్లు చెప్పారు. ఉసాగి ఒంటరిగా చేసే చివరి పోరాటానికి ఉన్న బరువు దీనితో తగ్గిపోయింది.

7.3.3 ప్రేమ: జోయిసైట్ అనే ప్రతినాయకుడు మూలంలో పురుషుడు, మరో పురుషుణ్ణి ప్రేమిస్తాడు. 1995లో అతనికి స్త్రీ స్వరమిచ్చి స్త్రీగా మార్చారు. తరువాతి భాగాలను క్లోవర్‌వే సంస్థ డబ్ చేయించగా అవి 2000లో వచ్చాయి. అందులో ప్రేమికులైన హరుకా, మిచిరు అనే ఇద్దరు స్త్రీలను పినతల్లి బిడ్డల వంటి దాయాదులుగా పరిచయం చేశారు. కానీ వారి చూపులు, చేతి స్పర్శ తెరపై అలాగే ఉన్నాయి. మాట ఒకటి, బొమ్మ మరొకటి చెప్పడంతో ప్రేక్షకులకు అయోమయం మిగిలింది. విజ్ మీడియా డబ్బింగ్‌లో జోయిసైట్ తిరిగి పురుషుడయ్యాడు, హరుకా, మిచిరు ప్రేమికులుగానే ఉన్నారు.

హరుకా విషయంలో ఒక నిజమైన చిక్కు కూడా ఉంది. ఆమె తనను తాను ‘బోకు’ అంటుంది. ఇది సాధారణంగా మగపిల్లలు, పురుషులు వాడే ‘నేను’. ఇంగ్లీషుకు, తెలుగుకు కూడా ఇటువంటి మాట లేదు. అంతేకాదు, ఆమెను చూసి తొలుత అబ్బాయి అనుకున్నవారు ఆమె గురించి మాట్లాడినప్పుడు మనం ‘వచ్చాడు’, ‘వచ్చింది’లలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఇది భాషా నిర్బంధం. ఆమె ప్రేమను బంధుత్వంగా మార్చడం నిర్ణయం. ఒకే పాత్రలో రెండూ ఎలా పక్కపక్కన ఉన్నాయో గమనించండి.

7.4 నిర్ణయాల వెనుక కారణాలు

1995నాటి బృందాన్ని తప్పుపట్టి ఊరుకుంటే విశ్లేషణ పూర్తి కాదు. వారు పిల్లల కార్యక్రమాల వేళకు, టెలివిజన్ కేంద్రాల అంగీకారానికి లోబడి పనిచేశారు. భాగాల చివర పిల్లలకు నీతి చెప్పే చిన్న దృశ్యాలు కూడా చేర్చారు. ఎందరో ఉత్తర అమెరికా పిల్లలు ఈ ధారావాహికను మొదట చూసింది ఆ రూపంలోనే. 2014 నాటికి ప్రేక్షకులు డిస్కుల్లో, ఇంటర్నెట్‌లో జపనీస్ మూలాన్ని ఉపశీర్షికలతో చూడగలరు. పోల్చి చూసే ప్రేక్షకుడు ఉన్నప్పుడు మూలాన్ని దాచడం కష్టం.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. పోల్చి చూసే వీలు లేని పిల్లవాడికి తాను చూస్తున్నది మార్చిన కథ అని తెలియదు. అనువాదకుడి బాధ్యత ఎక్కువగా ఉండవలసింది అటువంటి ప్రేక్షకుడి పట్లనే. రేపు మీరే ఒక ధారావాహికకు తెలుగు మాటలు రాయవలసి వస్తే, చేసిన ప్రతి మార్పు పక్కన ‘నిర్బంధం’ లేదా ‘నిర్ణయం’ అని రాసుకోండి. రెండవదైతే కారణం కూడా రాయండి.

7.5 సారాంశం

పెదవుల కదలిక, వాక్య నిర్మాణం, సంబోధనలు డబ్బింగ్‌కు నిజమైన హద్దులు. పేర్లు, మరణం, ప్రేమ విషయంలో ‘సైలర్ మూన్’లో జరిగిన మార్పులు ఆ హద్దుల వల్ల వచ్చినవి కావు. అవే బొమ్మలకు తరువాత వచ్చిన మరో డబ్బింగ్ ఆ సంగతి స్పష్టం చేసింది.

7.6 మీ ప్రగతిని తెలుసుకోండి

1. ఆనిమేలో పెదవుల పట్టింపు తక్కువగా ఉండడానికి కారణమేమిటి?
2. ‘ఉసాగి’ పేరు మార్పు నిర్బంధమా, నిర్ణయమా?

7.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ‘సైలర్ మూన్’ రెండు ఇంగ్లీషు డబ్బింగ్‌లను పోల్చి విశ్లేషించండి.
2. మీరు చూసిన ఒక డబ్బింగ్ చిత్రం నుంచి మూడు మార్పులను తీసుకొని, ఏది నిర్బంధమో, ఏది నిర్ణయమో కారణాలతో వివరించండి.