ఉక్కు తొడుగు చెయ్యి, కఠారి పట్టిన చెయ్యి

1485లో చంద్రగిరి ప్రభువు సాళువ నరసింహుడు విజయనగర సింహాసనం ఎక్కాడు. దాదాపు అదే సమయానికి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లోరెంజ్ హెల్మ్‌ష్మీడ్ అనే కవచకారుడు, టిరోల్ పాలకుడు సిగిస్మండ్ కోసం ఒక ఉక్కు కవచం తయారుచేశాడు. అది ఇప్పుడు వియన్నాలో ఉంది. ఇలాంటి కవచంలో పనివాడి అసలు నేర్పు తెలిసేది చేతి దగ్గరే.

ఛాతీకి ఒక పెద్ద రేకు వంచితే చాలు. చేతిలో 27 ఎముకలున్నాయి, అవన్నీ కదలాలి, కత్తి పిడి జారకూడదు. అందుకే ముంజేతికి రెండు సగాలుగా చేసిన గొట్టం తొడిగి, ఒకవైపు మడతబందు, రెండోవైపు తోలు పట్టీ పెట్టారు. మణికట్టు దగ్గర అంచును వెడల్పుగా విప్పారు. వేళ్ల మీద చిన్న చిన్న రేకులు ఒకదానిపై ఒకటి ఎక్కేలా పేర్చి, లోపలి తోలు చేతొడుగుకు బిగించారు. అరచేతివైపు ఇనుము లేదు, పట్టు కోసం తోలే. రేకుల మీద విసనకర్రలా విచ్చుకునే గాడులు అందం కోసమే కాదు. ఇంటి కప్పు మీది ముడతల రేకులాగే, పలుచగా ఉన్నా వంగకుండా అవి బలాన్నిస్తాయి.

అయినా ఫిరంగి ముందు ఏ రేకూ ఆగలేదు. 1504లో లాండ్స్‌హుట్ ముట్టడిలో గుండు దెబ్బకు గెట్స్ ఫాన్ బెర్లిషింగెన్ అనే యోధుడు కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. తర్వాత అతను పెట్టించుకున్న ఇనుప చేతి వేళ్లు వంగి, ఎక్కడ కావాలంటే అక్కడ బిగుసుకునేవి. కవచకారుల కీళ్ల పరిజ్ఞానం అలా కృత్రిమ అవయవానికి పనికొచ్చింది.

మన వైపు దారి వేరు. సాళువల బిరుదుల్లో ‘కఠారి సాళువ’ ఒకటి. కఠారికి మామూలు బాకులా నిలువు పిడి ఉండదు. రెండు కడ్డీల మధ్య అడ్డంగా ఉన్న పట్టును పిడికిలితో పట్టుకుంటారు, కడ్డీలు ముంజేతి పక్కగా వెనక్కి వస్తాయి. తంజావూరు ఆయుధాగారం నుంచి వచ్చిన పాత కఠారుల్లో చేతి వెనుక భాగాన్ని కప్పే వంపు రేకు కూడా ఉంది. అంటే ఇక్కడ రక్షణను చేతికి తొడగలేదు, ఆయుధానికే అమర్చారు. వేళ్లు స్వేచ్ఛగా ఉంటాయి, బరువూ తగ్గుతుంది. ఇది తక్కువ తెలివైన పరిష్కారమేమీ కాదు.

ఒంటి కవచం మనకు లేదనుకోవడం పొరపాటు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తోలు పొరల మధ్య ఇనుము చేర్చిన అంగీలనూ శిరస్త్రాణాలనూ వర్ణించాడు. ఉక్కుకూ కొదవ లేదు. నేటి తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అయితే మూసలో కరిగించిన ఆ ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. ఎక్కువ వేడి చేసి కొడితే చిట్లుతుంది. కత్తి వాదరకు అది అద్భుతం, వెడల్పాటి పలుచని రేకులకు కష్టం.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జర్మన్ ఉక్కు చేతొడుగులూ ఉన్నాయి, దక్షిణ భారత కఠారులూ ఉన్నాయి. మనకు అంత దూరం అక్కర్లేదు. చిత్తూరు పల్లెల్లో వీరగల్లులు, అంటే పోరులో మరణించిన వీరుల స్మారక శిలలు, ఎన్నో ఉన్నాయి. ఈసారి ఒకటి కనిపిస్తే, ఆ వీరుడి పిడికిలి ఆయుధాన్ని ఎలా పట్టుకుందో దగ్గరగా చూడండి.