పండుగ, పందెము, చట్టము

సంక్రాంతి పండుగ పశువులకును పండుగయే. కనుమనాడు రైతు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పసుపు కుంకుమలతో పూజించి, వానికి మేత పెట్టిన తరువాతనే తాను భుజించును. తమిళ సోదరులు దీనినే మాట్టుప్పొంగల్ అందురు. ఏడాది పొడవునను మనకై శ్రమించిన నోరులేని జీవులకు కృతజ్ఞత తెలుపుటయే ఈ దినపు పరమార్థము. అయితే ఈ పండుగ దినములలోనే గోదావరి, కృష్ణా తీరములందు పుంజుల కాళ్ళకు పదునైన కత్తులు కట్టి బరిలో దించుచున్నారు. సెలవులకు బంధువుల యిండ్లకు పోవు మన పిల్లలలో కొందరు వీనిని చూచియే వచ్చుచున్నారు. కావున ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో మనము తెలిసికొనవలెను.

జంతుహింసను అరికట్టుటకు ఆంగ్లేయుల కాలమున, 1890లో, ఒక చట్టము చేయబడెను. అది చాలదని తలచి, మదురైలో జన్మించిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా ఒక బిల్లును ప్రతిపాదించిరి. ప్రభుత్వమే తగిన చట్టము తెచ్చునని ప్రధాని నెహ్రూ హామీ యిచ్చుటచే ఆమె దానిని ఉపసంహరించుకొనిరి. ఆ హామీ ఫలితమే 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము.

ఈ చట్టములోని 11వ సెక్షను ప్రకారము వినోదమునకై ఒక జంతువును మరియొక దానితో పోరుటకు పురికొల్పుట నేరము. పోరును ఏర్పాటు చేయుట, అందుకు స్థలమిచ్చుట, చూడవచ్చినవారి వద్ద రుసుము వసూలు చేయుటయు నేరములే. 28వ సెక్షను మతధర్మము కోరు రీతిలో జంతువును చంపుటను ఈ చట్టము క్రింద నేరముగా ఎంచదు. కాని పోరాటమునకు అందు చోటు లేదు. కావున పండుగ పేరు చెప్పినంతమాత్రమున పందెము ధర్మకార్యము కానేరదు.

“మన కృష్ణగిరి జిల్లాలో ఎద్దులను విడుచు పండుగ జరుగుచున్నది గదా! కోడిపందెమునకు మాత్రము ఈ నిషేధమేల?” అని విద్యార్థులు అడుగవచ్చును. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించెను. 2017 జనవరిలో చెన్నై మెరీనా తీరమున గొప్ప ఆందోళన జరిగిన పిమ్మట తమిళనాడు శాసనసభ కేంద్ర చట్టమును తన రాష్ట్రము మట్టుకు సవరించెను. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సవరణ చెల్లునని తీర్పు చెప్పెను. ఆ వెసులుబాటు నియమములకు లోబడిన ఎద్దుల క్రీడలకే గాని, కత్తి కట్టిన కోళ్ళకు కాదు. ఆంధ్రప్రదేశమున కోడిపందెములకు అట్టి సవరణ లేదు. పైగా వానిని ఆపవలెనని ఉన్నత న్యాయస్థానము 2016లో అధికారులను ఆదేశించెను.

ఇది తాతలనాటి ఆచారమని కొందరందురు. నిజమే, పల్నాటి వీరచరిత్రలో నాగమ్మకును బ్రహ్మనాయునికిని నడుమ కోడిపందెము జరిగినది. కాని ఓడినవారు రాజ్యము విడిచి పోవలసివచ్చెను. కడకు కారెంపూడి రణరంగమున వీరులెందరో నేలకొరిగిరి. ఆచారము ప్రాచీనమైనంతనే మేలు చేయునది కాదని ఈ కథయే తెలుపుచున్నది. 2021లో జగిత్యాల జిల్లాలో కోడికాలి కత్తి తగిలి ఒక మనుష్యుడే ప్రాణములు కోల్పోయెను.

ఇంతటి నేరమునకు తొలిసారి విధించు జరిమానా ఎంతయో తెలియునా? పది మొదలు ఏబది రూపాయలు మాత్రమే! లక్షలు ఒడ్డువానిని ఇది ఆపజాలదు. చూచువారు లేనినాడు మాత్రము బరి దానంతట అదియే పాడుపడును. జీవులయెడ దయ కలిగియుండుట పౌరుల ప్రాథమిక విధియని 1976 నాటి సవరణ మన రాజ్యాంగమున చేర్చినది. ఆ విధిని పిల్లలు మొదట నేర్చుకొనునది ఇంటియందే.

కావున తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ సంక్రాంతికి బిడ్డలను బరి చెంతకు తీసికొనిపోవలదు. కనుమనాడు తెల్లవారకమునుపే వారిని లేపి, ఎద్దులను కడుగుటకు మీ వెంట తీసికొని పోవుడు.