గోదారి బురద చెప్పే కథ

కాకినాడ నుంచి యానాం బస్సు ఎక్కితే ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. కుడివైపు కనబడేది మన కోస్తాలో ఎక్కడైనా కనబడేదే: వరిచేలు, కొబ్బరితోటలు. ఎడమవైపు మాత్రం చొల్లంగి దాటాక ఊళ్ల వెనకాల మడ అడవి మొదలవుతుంది. సముద్రం దాని అవతల ఎక్కడో ఉంటుంది, రోడ్డు మీదికి కనబడదు. బీచ్ కోసం వచ్చినవాళ్లు ఇక్కడ పెదవి విరుస్తారు. మా ఊరొచ్చిన చుట్టాల్ని కోరంగి తీసుకెళతానంటే "ఆ బురదలో ఏముందిరా?" అంటారు. బురదే ఉంది. ఈ తీరాన రేవుల్ని బతికించిందీ, చంపిందీ ఆ బురదే.

త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి, దారి పొడవునా పోగేసుకున్న ఒండ్రును ఇక్కడికి తెచ్చి దించుతుంది. గౌతమి పాయలోంచి చీలిన కోరంగి పాయ యానాం దగ్గర్నుంచి ఉత్తరానికి తిరిగి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. సముద్రంలో పడిన ఇసుకను కెరటాలు ఉత్తరం వైపు నెట్టుకుంటూ పోతాయి. అలా పోగుపడిందే హోప్ ఐలాండ్. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఈ ఇసుక దిబ్బ వయసు రెండు వందల ఏళ్లకు కాస్త అటూ ఇటూ. తుఫాను కెరటాలకు అది అడ్డుగోడ. కాకినాడ రేవు దాని చాటునే ఎదిగింది.

అంతకుముందు రేవంటే కోరంగిదే. ఇక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల బట్టల వ్యాపారం, యానాంలో ఫ్రెంచివాళ్లది. 1789 డిసెంబరులో ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చేసింది. యాభై ఏళ్లకు, 1839 నవంబరులో మరొకటి. మొదటిదాని తరవాత మళ్లీ కట్టుకున్నారు, రెండోదాని తరవాత మునుపటి వైభవం రాలేదు. ఉప్పెనలనే తప్పుపడతారు గానీ నది కూడా తన పని తాను చేసుకుపోయింది. పాయ మేటవేసి, పెద్ద ఓడలు లోపలికి రాలేని స్థితి వచ్చింది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. ఇవాళ కోరంగిలో నిలబడి ఇదొక మహా రేవు అంటే నమ్మడం కష్టమే.

ఊరు పోయినా పేరు సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్లందర్నీ కొరంగీలు అనేవారు. మా తాతయ్య కాకినాడలో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లి, అక్కడి రేవులో మూటలు లెక్కరాసే పనిలో కుదిరాడు. 1942లో జపాన్ సేనలు రంగూన్ పట్టుకున్నప్పుడు వేలమందితోపాటు అడవులు పట్టి నడిచొచ్చాడు. ఆ ఏప్రిల్ 6న కాకినాడ మీదే జపాన్ బాంబులు పడ్డాయి. "తప్పించుకొచ్చాననుకుంటే ఇక్కడా వాళ్లేనా" అని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. మా నాయనమ్మ మాత్రం ఆ మాటకి ఎప్పుడూ నవ్వలేదు.

ఇక అడవి సంగతి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సుందర్‌బన్స్ తరవాత ఇదే పెద్దదని మనవాళ్లంటారు, ఒడిశావాళ్లు భితర్‌కనిక గురించి అదే అంటారు. ఆ పోటీ మనకెందుకు? చెక్కదారి మీద నడుస్తూ ఒక్కచోట ఆగి కిందికి చూడండి. మడచెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్టు వేళ్లతో బయటి గాలి పీల్చుకుంటుంది. ఆకు నాలిక్కి ఆనిస్తే ఉప్పగా తగులుతుంది. వేళ్ల ద్వారా వచ్చిన ఉప్పును ఆకులోంచి బయటికి పంపేస్తుందన్నమాట. ఉప్పుపొన్న ఇంకో రకం: గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, కాయలా పొడుగ్గా వేలాడి, అదనుచూసి బురదలో పడి నాటుకుంటుంది. తిల్లచెట్టు జోలికి మాత్రం వెళ్లకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని పడవవాళ్లు పిల్లలకి ముందే చెబుతారు.

పాటు తీశాక బురద మీద చిన్న చేపలు గెంతుతూ కనబడతాయి. వాటి పక్కనే ఒక డెక్క పెద్దదిగా ఉన్న బుల్లి పీతలు. మండపీతలు బొరియల్లో ఉంటాయి. నీటికుక్కలు అదృష్టముంటే కనబడొచ్చు. ఇక్కడి బావురుపిల్లి నీళ్లలో చేపలు పట్టుకు తింటుంది, కానీ రాత్రి తిరిగేది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

యానాంలో ఒక పూట చాలు. 1723లో ఫ్రెంచివాళ్లు అడుగుపెట్టిన ఊరు, 1954లో మన దేశంలో కలిసింది, ఇప్పటికీ పుదుచ్చేరిదే. 1929 నాటి శారదా చట్టం ఫ్రెంచి నేల మీద చెల్లదు గనక, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చిన్నపిల్లల పెళ్లిళ్లు ఇక్కడికొచ్చి చేసేవారు. కల్యాణపురం అన్న ముద్దుపేరు వెనకాల ఉన్నది అంత ముద్దొచ్చే కథేం కాదు.

కాకినాడకి అటువైపు ఉప్పాడ ఉంది, జాందానీ చీరల ఊరు. అక్కడ సముద్రం ఏటా నేలను కొరుకుతోంది. ఇళ్లూ రోడ్డూ ఎన్నోసార్లు పోయాయి. ఎగువ ఆనకట్టల వల్ల ఒండ్రు తగ్గడం ఒక కారణం. ఉత్తరానికి సాగాల్సిన ఇసుకను హోప్ ఐలాండ్ ఆపేయడం ఇంకొకటి. కాకినాడను కాచిన దిబ్బే ఉప్పాడకి ఇసుక అందనివ్వడం లేదు. రాళ్లు పోసి కెరటాన్ని ఆపుదామనుకునే అధికారులు ఈ లెక్క కూడా చూస్తే బాగుండు.

వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలలు మంచివి. పుష్య మాసంలో చొల్లంగి అమావాస్య వస్తుంది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర చొల్లంగిలోనే మొదలవుతుంది. ఆరోజు జనం బాగా ఉంటారు, అడవి చూడ్డానికి వేరే రోజు పెట్టుకోండి. బయల్దేరే ముందు పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో పడవవాళ్లని అడగండి. పోటు మీదుంటే పడవ దూరం వెళుతుంది గానీ వేళ్లు మునిగిపోతాయి. పాటు వేళకి వెళితే పడవ దొరక్కపోవచ్చు గానీ బురద కనబడుతుంది. ఒక్కపూటే ఉంటే పాటుకే వెళ్లండి.