యూనిఫాం వేసుకున్న రాకెట్టు

సైనికుల ప్రపంచ క్రీడల్లోకి టెన్నిస్ చాలా ఆలస్యంగా వచ్చింది. ఎందుకు అంత ఆలస్యమైందో తెలుసుకుంటే, పిల్లల చేతికి రాకెట్టు ఇచ్చిన ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

2019 అక్టోబరు 27, ఆదివారం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో రోజర్ ఫెదరర్ ఫైనల్ ఆడుతున్నాడు. సొంతూరు, నిండిన స్టేడియం, ఎదురుగా ఆస్ట్రేలియా కుర్రాడు అలెక్స్ డి మినార్. 6-2, 6-2తో ఆట ముగిసింది. అక్కడ ఫెదరర్‌కు అది పదో టైటిల్. ప్రపంచమంతా టీవీల్లో చూసింది.

సరిగ్గా అదే రోజు చైనాలోని వూహాన్ నగరంలో ఏడో ప్రపంచ సైనిక క్రీడలు ముగిశాయి. అంతకుముందు రోజుల్లో అక్కడా టెన్నిస్ ఆడారు. ఆడినవాళ్లంతా ఏదో ఒక దేశపు సైన్యంలో పేరున్నవాళ్లే. గెలిస్తే పతకం. ప్రైజ్‌మనీ లేదు, ర్యాంకింగ్ పాయింట్లూ లేవు. అయినా ఆడారు.

ఒకే ఆట, ఒకే వారం, రెండు లోకాలు. ఈ రెంటి మధ్య దూరం ఎంతో తెలిస్తే టెన్నిస్ సంగతి సగం అర్థమైనట్టే.

హైదరాబాద్‌కు రాని ఆట

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1948 ఫిబ్రవరి 18న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఐదు దేశాలు కలిసి అంతర్జాతీయ సైనిక క్రీడా మండలిని పెట్టాయి. ఫ్రాన్స్, బెల్జియం, డెన్మార్క్, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ ఆ ఐదూ. 'ఆటతో స్నేహం' అన్నది వాళ్ల నినాదం. యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంగా 1995లో రోమ్‌లో మొదటి ప్రపంచ సైనిక క్రీడలు జరిగాయి. తర్వాత 1999లో జాగ్రెబ్, 2003లో కటానియా.

నాలుగో విడత మన దగ్గరికే వచ్చింది. 2007 అక్టోబరు 14న గచ్చిబౌలి స్టేడియంలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా క్రీడలు మొదలయ్యాయి. తెరచాప పడవల పోటీలు మాత్రం ముంబయిలో పెట్టారు, సముద్రం కావాలి కదా! ఆసియాలో ఈ క్రీడలు జరగడం అదే మొదటిసారి. వందకు పైగా దేశాల సైనికులు వచ్చారు.

బాక్సింగ్ ఉంది, కుస్తీ ఉంది, ఫుట్‌బాల్ ఉంది, విమానంలోంచి పారాచూట్‌తో దూకే పోటీ కూడా ఉంది. టెన్నిస్ లేదు. విచిత్రమేమిటంటే అంతకు నాలుగేళ్ల ముందు, 2003లో, అదే హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో పదహారేళ్ల సానియా మీర్జా టెన్నిస్‌లో నాలుగు బంగారు పతకాలు కొట్టింది. ఊరికి టెన్నిస్ బాగా తెలుసు. సిపాయిల జాబితాకే తెలియదు.

2011లో రియో డి జనీరో, 2015లో దక్షిణ కొరియాలోని ముంగ్యోంగ్ దాటి, 2019లో వూహాన్ చేరాక గానీ టెన్నిస్‌కు తలుపు తెరుచుకోలేదు. బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ కూడా ఆ ఏడాదే లోపలికి వచ్చాయి. రెండుసార్లు గ్రాండ్‌స్లామ్ గెలిచిన లీ నా పుట్టిన ఊరు వూహాన్. ఆ ఊళ్లో టెన్నిస్‌కు చోటు దొరకడంలో ఆశ్చర్యం లేదు.

సిపాయి టైము సిపాయిది కాదు

నిజానికి టెన్నిస్‌కూ సైన్యానికీ చుట్టరికం పాతదే. 1874లో లాన్ టెన్నిస్‌కు పేటెంటు తీసుకున్న వాల్టర్ వింగ్‌ఫీల్డ్ బ్రిటిష్ సైన్యంలో మేజర్. వల, బంతులు, రాకెట్లు పెట్టెలో సర్ది అమ్మాడాయన. విదేశాలకు వెళ్లిన పటాలాలతో పాటు ఆ ఆటా ప్రయాణం చేసింది. సికింద్రాబాద్, బెంగళూరు కంటోన్మెంట్లకు టెన్నిస్ అలా వచ్చిందే. పారిస్‌లోని ప్రఖ్యాత మట్టి కోర్టులకు పేరిచ్చిన రోలాండ్ గారోస్ కూడా టెన్నిస్ వీరుడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 అక్టోబరులో చనిపోయిన యుద్ధ విమాన పైలట్.

మరి చుట్టరికం ఇంత ఉన్నా ఆలస్యం ఎందుకు? లెక్క చూస్తే తెలుస్తుంది. కుస్తీ పహిల్వాను, బాక్సరు ఏడాదిలో ఎక్కువ కాలం ఒకేచోట శిబిరంలో ఉండి తయారు కావచ్చు. టెన్నిస్ ఆటగాడికి అది కుదరదు. వారం వారం ఒక ఊరు, ఒక దేశం. ఆడితేనే పాయింట్లు. ఏడాది గడిస్తే పాత పాయింట్లు కరిగిపోతాయి. నెల రోజులు ఆగితే ర్యాంకు జారుతుంది.

డబ్బు సంగతి ఇంకా కష్టం. 2019లో అమెరికా ఓపెన్ సింగిల్స్ విజేతకు 38.5 లక్షల డాలర్లు. అదే ఏడాది టెన్నిస్ నిచ్చెన కింది మెట్టు మీద జరిగే 15 వేల డాలర్ల టోర్నీల్లో విజేతకు దక్కింది 2,160 డాలర్లు. మొదటి రౌండ్లో ఓడితే 156. విమానం టికెట్టు, హోటలు, రాకెట్లకు తంతులు, కోచ్ జీతం అన్నీ అందులోంచే తీయాలి. కుదురుతుందా?

అంటే టెన్నిస్ కుర్రాడికి రెండు కావాలి. తిరగడానికి టైము, తిరగడానికి డబ్బు. సైన్యం దగ్గర జీతం ఉంది. టైము మాత్రం పై అధికారి చేతిలో ఉంటుంది.

ఇరవై డాలర్ల ఛాంపియన్

ఈ ముడి ఎంత గట్టిదో 1968లోనే ప్రపంచం చూసింది. అమెరికా ఓపెన్‌లో డబ్బు తీసుకునే ప్రొఫెషనల్ ఆటగాళ్లను మొదటిసారి రానిచ్చిన ఏడాది అది. ఫైనల్లో నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ ఓకర్‌ను ఐదు సెట్లలో ఓడించి ఆర్థర్ ఆష్ గెలిచాడు. ఆ టైటిల్ గెలిచిన తొలి నల్లజాతి పురుషుడు. అప్పటికి ఆయన అమెరికా సైన్యంలో ఫస్ట్ లెఫ్టినెంట్. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఉద్యోగం.

ప్రైజ్‌మనీ 14 వేల డాలర్లు. ఎవరికి ఇచ్చారనుకుంటున్నారు? ఓడిపోయిన ఓకర్‌కు. డేవిస్ కప్ ఆడాలంటే అమెచ్యూర్‌గానే ఉండాలి కాబట్టి ఆష్ ఆ డబ్బు ముట్టలేదు. ఆయనకు దక్కింది రోజుకు 20 డాలర్ల భత్యం.

అప్పట్లో వియత్నాం యుద్ధం నడుస్తోంది. ఆష్ తమ్ముడు జానీ మెరైన్ దళంలో పనిచేస్తూ అప్పటికే అక్కడికి వెళ్లొచ్చాడు. అన్నదమ్ములిద్దరినీ ఒకేసారి యుద్ధానికి పంపరన్న ఆలోచనతో రెండోసారి తానే వెళ్తానని ముందుకొచ్చాడు. అన్న చేతిలో రాకెట్టు ఉండటానికి తమ్ముడు తుపాకీ పట్టాడన్నమాట. ఛాంపియన్ పేరు అందరికీ గుర్తుంది. తమ్ముడి పేరు ఎందరికి గుర్తుంది?

ఒక సెమీఫైనల్, ఒక సైనికుడు

ఇప్పుడు మనవాడు వచ్చే ఘట్టం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి యువకుడూ సైన్యంలో పనిచేయాల్సిందే. ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధిస్తే మాత్రం కొన్ని వారాల ప్రాథమిక శిక్షణతో సరిపోతుంది. చుంగ్ హ్యోన్ అనే ఆటగాడు 2014లో డబుల్స్ స్వర్ణంతో అలాగే బయటపడ్డాడు.

క్వోన్ సూన్-వూ కూడా అదే ఆశతో హాంగ్‌ఝౌ వెళ్లాడు. సింగిల్స్ రెండో రౌండ్లోనే, తనకంటే ఎంతో కింది ర్యాంకులో ఉన్న థాయ్‌లాండ్ ఆటగాడి చేతిలో ఓడాడు. కోపం ఆపుకోలేక రాకెట్టును నేలకేసి బాదాడు. ప్రత్యర్థి చెయ్యి చాపినా అందుకోలేదు. తర్వాత క్షమాపణ చెప్పాడనుకోండి. కానీ ఆ వీడియో అప్పటికే ప్రపంచమంతా తిరిగేసింది.

ఇక మిగిలింది డబుల్స్. సెమీఫైనల్లో ఎదురైంది మన జోడీ, తమిళనాడు రామ్‌కుమార్ రామనాథన్, ఆంధ్రప్రదేశ్ సాకేత్ మైనేని. చెరో సెట్టూ గెలిచారు. మూడోది సూపర్ టైబ్రేక్. మనవాళ్లు 10-0తో ముగించారు. కొరియా జోడీకి ఒక్క పాయింటు కూడా దక్కలేదు. మనకు చివరికి వెండి పతకం వచ్చింది. క్వోన్‌కు కంచుతో పాటు సైన్యం ఖాయమైంది.

2025 జనవరిలో క్వోన్ సైన్యంలో చేరాడు. సైనిక క్రీడాకారుల దళం 'సాంగ్‌మూ'లోకి వెళ్లాడు. ఆ దళం ఉండే ఊరు ఏదనుకున్నారు? ముంగ్యోంగ్. 2015లో ప్రపంచ సైనిక క్రీడలు జరిగిన ఊరే.

అతనికి సైన్యం దారికి అడ్డొచ్చిన గోడ. తప్పించుకుందామని చూశాడు, కుదరలేదు. గోడ లోపలికి వెళ్లి, అక్కడే రాకెట్టు పట్టుకున్నాడు.

గోడ కాదు, నీడ

మన దేశంలో కథ తిరగబడుతుంది. ఇక్కడ సైన్యంలో చేరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. చేరడానికే పోటీ. కోయంబత్తూరుకు చెందిన టెన్నిస్ ఆటగాడు శ్రీరామ్ బాలాజీ అలా భారత సైన్యంలో చేరినవాడే. 2017లో బెంగళూరులో ఉజ్బెకిస్తాన్‌పై రోహన్ బోపన్నతో కలిసి డేవిస్ కప్ డబుల్స్ గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ బోపన్నకు జోడీ అతనే.

అంతకంటే చెప్పుకోవాల్సింది 2024 ఫిబ్రవరి సంగతి. డేవిస్ కప్ కోసం భారత జట్టు ఇస్లామాబాద్ వెళ్లింది. మన టెన్నిస్ జట్టు పాకిస్తాన్ గడ్డ మీద అడుగుపెట్టి అప్పటికి అరవై ఏళ్లు. సింగిల్స్‌లో బాలాజీ 7-5, 6-3తో అకీల్ ఖాన్‌ను ఓడించాడు. మర్నాడు డబుల్స్‌లో యూకీ భాంబ్రీ, సాకేత్ మైనేని గెలిచారు. 4-0తో మనవాళ్లు తిరిగొచ్చారు.

ఆలోచించి చూడండి. భారత సైన్యంలో ఉద్యోగం చేస్తున్న మనిషి పాకిస్తాన్ రాజధానిలో, వాళ్ల ప్రేక్షకుల ముందు, వలకు ఇవతల నిలబడి ఆడాడు. ఆట ముగిశాక చెయ్యి కలిపి వచ్చాడు. 'ఆటతో స్నేహం' అన్న మాటకు ఇంతకంటే ఏం రుజువు కావాలి?

పతకాల పట్టిక చెప్పనిది

స్నేహం మాట అలా ఉంచితే, ఈ క్రీడల్లో మచ్చలూ ఉన్నాయి. వూహాన్‌లో 109 దేశాల నుంచి 9 వేలకు పైగా క్రీడాకారులు పాల్గొన్నారు. చైనా 133 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచింది. రెండో స్థానంలో ఉన్న రష్యాకు 51. అదే క్రీడల్లో, మ్యాపు చూసుకుంటూ అడవిలో పరిగెత్తే ఓరియెంటీరింగ్ పోటీలో ఆతిథ్య జట్టువాళ్లు బయటి సాయం తీసుకున్నారని తేలి ఫలితాలు రద్దయ్యాయి. పట్టికలో అంకెలు పెద్దవైనంత మాత్రాన గౌరవం పెరగదని సైనికులకు ఒకరు చెప్పాలా?

గౌరవం చూడాలంటే అదే వూహాన్‌లో ఇంకో పేరు ఉంది. మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్న తమిళనాడు సిపాయి ఆనందన్ గుణశేఖరన్. కృత్రిమ కాలితో పరిగెత్తి, దివ్యాంగుల విభాగంలో మూడు బంగారు పతకాలు తెచ్చాడు. బెంగళూరులో ఉల్సూరు చెరువు ఒడ్డునున్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ మనిషి. తమిళులు, కన్నడిగులు, మలయాళీలతో పాటు మన తెలుగు కుర్రాళ్లు కూడా చేరే దళమది. హొసూరు, బళ్లారి, కోలారు వైపు పాఠకులకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

రాకెట్టు పట్టిన ఇంటికి

ఇక మన ఇళ్ల సంగతి. సరిహద్దు జిల్లాల్లో పొద్దున్నే పిల్లల్ని స్కూటరు మీద టెన్నిస్ కోర్టుకు దింపే తల్లిదండ్రులు ఇప్పుడు కనిపిస్తూనే ఉన్నారు. "ఆట బాగుంటే సైన్యంలో ఉద్యోగం వస్తుందటగా" అన్న ఆశ చాలామందికి ఉంది. ఆశ తప్పు కాదు. లెక్క తెలిసి ఆశపడాలి.

విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్ సైన్యంలో ఉంటూనే పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లి, మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వచ్చాడు. పుణెలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ విలువిద్య, బాక్సింగ్, కుస్తీ, అథ్లెటిక్స్ లాంటి ఆటలకు చిన్ననాటి నుంచీ తీర్చిదిద్దే చోటు. టెన్నిస్‌కు ఆ దారి లేదు. టెన్నిస్ పిల్లవాడు బయటే ఆటగాడిగా తయారై, పేరు తెచ్చుకుని, ఆ తర్వాతే యూనిఫాం వైపు చూడాలి.

త్రివిధ దళాల క్రీడా నియామకాల్లో ఏయే ఆటలు ఉంటాయన్నది నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంది. టెన్నిస్ ఉందో లేదో, వయసు, ఏ స్థాయి పోటీల సర్టిఫికెట్లు అడుగుతున్నారో చూసుకోవాలి. అగ్నివీర్ కింద అయితే నాలుగేళ్లకే గడువు అని కూడా గుర్తుంచుకోవాలి. ఎవరో చెప్పారని పదో తరగతిలో చదువు మాన్పించి కోర్టుకు అంకితం చేస్తే, రేపు అటూ కాక ఇటూ కాక పోయే ప్రమాదం ఉంది.

సైనిక క్రీడల్లో టెన్నిస్ చెప్పే పాఠం ఇదే. జీతం, భత్యం, వైద్యం, పెన్షన్ ఇవన్నీ ఆటగాడి తల మీద నీడ. ఎండ వేళ ఆ నీడ ఎంత విలువైనదో ఖాళీ జేబుతో టోర్నీలు తిరిగినవాడికే తెలుసు. అయితే నీడలో కూర్చున్నంత మాత్రాన సర్వీసు పడదు. అది పొద్దున్నే లేచి కోర్టులో బంతి కొట్టినవాడికే వస్తుంది, ఒంటి మీద ఏ బట్టలున్నా సరే.